నిద్రపోతున్న బిడ్డకు పాలివ్వవచ్చునా?

అడగందే అమ్మైనా అన్నం పెట్టదని మన సామెత. ఈ నడుమ జూబ్లీహిల్స్, ఫిలింనగర్ ప్రాంతాల్లోని యువ దంపతులు కొందరు ఆ సామెతను తలకిందులు చేస్తున్నారు. బిడ్డ అడగకముందే, ఏడవకముందే, అసలు కన్ను తెరవకముందే, రాత్రి పది పదకొండు గంటల మధ్య నిద్రలో ఉన్న పసికందును మెల్లగా ఎత్తుకుని పాలిచ్చి మళ్లీ పడుకోబెడుతున్నారు. దీనిని ‘డ్రీమ్ ఫీడ్’ అంటారు. ఇలా చేస్తే బిడ్డ తెల్లవారేదాకా లేవదని వారి ఆశ. ఇది మంచిదేనా, ఫలితం ఉంటుందా అని అడిగేవారు ఎక్కువయ్యారు కనుక నా అభిప్రాయం ఇక్కడ రాస్తున్నాను.

సమాధానం ముందే చెబుతాను. ఇవ్వవచ్చును, కొన్ని జాగ్రత్తలతో. అయితే దానివల్ల బిడ్డ నిద్ర పెరుగుతుందని అనుకోకండి. బిడ్డ నిద్రలో ఒక పొడవైన భాగం ఉంటుంది. అది కాస్త పక్కకు జరిగి తల్లి నిద్రవేళతో కలుస్తుంది, అంతే. అది కూడా అందరు బిడ్డల విషయంలో జరగదు.

ఈ మాటకు ప్రచారం తెచ్చినవారిలో ముఖ్యురాలు ట్రేసీ హాగ్ అనే ఇంగ్లండు నర్సు. ఆమె అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో స్థిరపడి, హాలీవుడ్ కుటుంబాల్లో పసిపిల్లల పెంపకానికి సలహాదారుగా పనిచేశారు. 2001లో వెలువడిన ఆమె పుస్తకం ప్రపంచమంతటా అమ్ముడుపోయింది. అంటే ఒక సినిమా నగరంలో ప్రచారం పొందిన పద్ధతి ఇరవై ఏళ్లు తిరిగేసరికి మరొక సినిమా నగరానికి చేరిందన్నమాట. అక్కడి ఇళ్లలో ఉన్న సౌకర్యాలు ఇక్కడి ఇళ్లన్నిటిలో ఉన్నాయా అన్నది వేరే ప్రశ్న. దాని దగ్గరకు తరువాత వస్తాను.

మొదట లెక్క చూద్దాం. రెండు నెలల బిడ్డ సాయంత్రం ఏడున్నరకు నిద్రపోయిందనుకోండి. ఆ వయసులో ఏకబిగిని పడుకునేది చాలామందిలో నాలుగైదు గంటలు. అంటే పన్నెండు దాటేసరికి లేస్తుంది. తల్లి ఇంటి పనులు ముగించుకుని పదిన్నరకు నడుం వాల్చితే ఆమెకు దక్కేది గంటన్నర, మహా అయితే రెండు గంటలు. పెద్దవారి గాఢనిద్రలో ఎక్కువ పాలు రాత్రి మొదటి మూడోవంతులోనే వస్తుందని మనకు తెలుసు. సరిగ్గా ఆ భాగమే తెగిపోతుంది. పడుకునే ముందు పదిన్నరకు బిడ్డకు పాలిస్తే, అన్నీ అనుకూలిస్తే, బిడ్డ రెండున్నర మూడు వరకు పడుకోవచ్చును. తల్లికి నాలుగు గంటలు ఏకధాటిగా దొరుకుతాయి. రెండు గంటల నిద్రకూ నాలుగు గంటల నిద్రకూ మధ్య తేడా ఏమిటో పచ్చి బాలింతను అడగండి. ఈ పద్ధతిని నేను కొట్టిపారేయకపోవడానికి కారణం ఇదే.

ఇక పరిశోధనల మాట. 1993లో అమెరికాలో పినిల్లా, బర్చ్ అనే ఇద్దరు పరిశోధకులు తల్లిపాలు తాగే బిడ్డలున్న 26 కుటుంబాలను రెండు జట్లుగా విభజించి గమనించారు. ఒక జట్టు తల్లిదండ్రులకు రాత్రి పది, పన్నెండు గంటల మధ్య ఒకసారి తప్పక పాలివ్వమని చెప్పారు. ఎనిమిది వారాలు వచ్చేసరికి ఆ జట్టులోని 13 మంది బిడ్డలూ అర్ధరాత్రి నుంచి ఉదయం ఐదు వరకు పడుకున్నారు. రెండో జట్టులో అలా పడుకున్నవారు 13 మందిలో ముగ్గురే. డ్రీమ్ ఫీడ్‌ను సమర్థించేవారు ఇక్కడితో ఆగిపోతారు. మనం ఇంకొంచెం ముందుకు చదవాలి. ఆ తల్లిదండ్రులు చేసింది అదొక్కటే కాదు. పగటికీ రాత్రికీ తేడా బిడ్డకు తెలిసేలా వెలుతురు, సందడి మార్చారు. అర్ధరాత్రి బిడ్డ లేచినప్పుడు వెంటనే పాలివ్వక, గుడ్డలు మార్చి, ఎత్తుకుని తిప్పి, పాల మధ్య వ్యవధిని క్రమంగా పెంచారు. ఇన్నిటిలో ఏది పనిచేసిందో విడదీసి చెప్పడం కష్టం. పైగా 26 కుటుంబాలంటే చాలా చిన్న సంఖ్య. అయినా ఆ అధ్యయనంలో నాకు నచ్చిన విషయం ఒకటుంది. రెండు జట్ల బిడ్డలూ ఇరవైనాలుగు గంటల్లో తాగిన పాలు మొత్తం మీద సమానమే. రాత్రి తగ్గినదాన్ని తెల్లవారుజామున తాగి పూడ్చుకున్నారు. కడుపు లెక్క కడుపుకు తెలుసు.

ఆకలి ఒక్కటే బిడ్డను లేపుతుందని అనుకోవడం కూడా పొరపాటు. బ్రిటన్‌లో ఆరు నుంచి పన్నెండు నెలల బిడ్డలున్న 715 మంది తల్లులను ప్రశ్నించి 2015లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. పగలు ఎక్కువ పాలు, ఆహారం తీసుకున్న బిడ్డలు రాత్రి తక్కువసార్లు పాలు తాగారు కానీ తక్కువసార్లు లేవలేదు. తల్లిపాల బిడ్డలకూ డబ్బాపాల బిడ్డలకూ మేల్కోవడంలో తేడా కనిపించలేదు. 2018లో కెనడా నుంచి వచ్చిన మరొక అధ్యయనంలో, ఆరు నెలల బిడ్డల్లో నూటికి 38 మంది వరుసగా ఆరు గంటలు పడుకోవడం లేదని తేలింది. వారి ఎదుగుదలలో లోపమేమీ కనిపించలేదు. కనుక పక్కింటి పాప రాత్రంతా నిద్రపోతుందట, మా పాపకు ఏమైనా జబ్బా అని బెంగపడే అమ్మమ్మలు, నాయనమ్మలు కాస్త స్థిమితపడండి.

మన ఇళ్లకు వద్దాం. పాశ్చాత్య పుస్తకం చెప్పే బిడ్డ సాయంత్రం ఏడింటికి తన ఉయ్యాలలో నిద్రపోతుంది. మన బిడ్డ ఏడింటికి ఎక్కడుంటుంది? తాతగారి ఒళ్లో, టీవీ ముందు. తొమ్మిదింటికి తండ్రి ఇంటికి వస్తాడు. రోజంతా చూడలేదు కదా అని ఎత్తుకుని ఆడిస్తాడు. పదింటికి ఎవరో చుట్టాలు వీడియో కాల్ చేస్తారు. పదిన్నరకు ట్యూబ్‌లైటు ఆరుతుంది. ఇలాంటి ఇంట్లో డ్రీమ్ ఫీడ్ అన్న మాటకే చోటు లేదు. బిడ్డ నిద్రపోయేదే పదిన్నరకు అయితే నిద్రలో ఇచ్చే పాలు ఎప్పుడివ్వాలి? ముందు సాయంత్రాన్ని సరిచేయండి. దీపాలు తగ్గించండి, గొంతులు తగ్గించండి, స్నానం, పాలు, జోల ఒకే వరుసలో రోజూ జరగనివ్వండి. రెండు మూడు నెలలు నిండేసరికి బిడ్డ శరీరానికి రాత్రీ పగలూ తెలియడం మొదలవుతుంది. దానికి మనం తోడ్పడాలి. చాలా ఇళ్లలో ఇది చేశాక పదిన్నర పాల అవసరమే కలగలేదు.

మరొక మాట. తల్లి పక్కనే పడుకునే బిడ్డ అర్ధనిద్రలో పాలు వెతుక్కోవడం, తల్లి అర్ధనిద్రలోనే ఇటు తిరిగి పాలివ్వడం మన దేశంలో తరతరాలుగా ఉన్నదే. మనవాళ్లు దానికి పేరు పెట్టలేదు, పుస్తకం రాయలేదు.

ఇక ఎలా ఇవ్వాలన్నది. ఇక్కడే ప్రమాదం ఉన్నది కనుక శ్రద్ధగా చదవండి.

నిద్రలో రెండు దశలుంటాయి. ఒక దశలో బిడ్డ రెప్పలు అదురుతాయి, పెదవులు చప్పరిస్తుంది, చేతులు కదుపుతుంది, ఊపిరి ఎగుడుదిగుడుగా ఉంటుంది. రెండోది గాఢనిద్ర. ఊపిరి సమంగా సాగుతుంది. చేయి ఎత్తి వదిలితే గుడ్డపీలికలా వాలిపోతుంది. పాలివ్వవలసింది మొదటి దశలోనే. గాఢనిద్రలో ఉన్న బిడ్డ నోట్లో పాలు పడితే మింగడం, ఊపిరి తీయడం ఒకదానితో ఒకటి కుదరక పొలమారవచ్చును. గదిలో చిన్న దీపం ఉంచి, బిడ్డను తల కాస్త ఎత్తుగా ఉండేలా ఒడిలోకి తీసుకుని, చనుమొనతో కింది పెదవిని తాకించండి. నోరు తెరిచి తానుగా పట్టుకుంటే ఇవ్వండి. పట్టుకోకపోతే పది నిమిషాలాగి మరొకసారి చూడండి. అప్పుడూ పట్టుకోకపోతే ఆ రాత్రికి వదిలేయండి. బలవంతం వద్దు. తాగిన తరువాత భుజం మీద వేసుకుని త్రేన్పు వచ్చేదాకా నిమరండి. మళ్లీ వెల్లకిలానే పడుకోబెట్టండి. సోఫాలో కూర్చుని పాలిస్తూ కునుకు తీయడం మాత్రం ఎన్నడూ చేయకండి. బిడ్డ సోఫా సందులో ఇరుక్కుని ఊపిరాడక పోయే ప్రమాదం మంచం మీదకంటే అక్కడే ఎక్కువ.

ఇప్పుడు ఉగ్గుగిన్నె సంగతి. ఒకనాడు కృష్ణానగర్ నుంచి ఒక తల్లి మూడు నెలల పాపతో వచ్చింది. సినిమాల్లో కేశాలంకరణ విభాగంలో సహాయకురాలు. పనిలోకి వెళితేనే కూలి కనుక అప్పటికే తిరిగి షూటింగులకు పోతున్నది. ఉదయం ఆరు గంటల కాల్‌షీటంటే మేకప్, కేశాలంకరణవాళ్లు ఇంకా ముందే అక్కడుండాలి. నాలుగింటికే లేవాలి. కొండ మీది ఒక ఇంట్లో ఆయా పసిబిడ్డకు నిద్రలోనే సీసాతో పాలు పడుతుందని, ఆ బిడ్డ తెల్లవార్లూ పడుకుంటుందని ఆమె విన్నది. తమ ఇంట్లో సీసా లేదు. సీసాలు మంచివి కావని ఆశా కార్యకర్త చెప్పింది, అది సరైన మాటే. అందుకని ఆమె సాయంత్రం పిండి ఉంచిన పాలను పదిన్నరకు అత్తగారు ఉగ్గుగిన్నెతో నిద్రపోతున్న పాప నోట్లో పోసింది. మూడో గుక్కకు పాపకు పొలమారి ముఖం కమిలిపోయింది. తలకిందులుగా తిప్పి వీపు తట్టారు. దగ్గి ఏడ్చింది, గండం గడిచింది. ‘‘నిద్రల పాలు పడితే పొద్దుగాల దాకా లేవదన్నరు కద సార్’’ అని ఆ తల్లి అడిగింది. ఆమె తప్పేమీ లేదు. ఎవరో సగం చెప్పారు.

మిగిలిన సగం ఇది. రొమ్ము దగ్గర బిడ్డ చప్పరిస్తేనే పాలు వస్తాయి, ఆపితే ఆగుతాయి. ఎంత, ఎప్పుడు అన్నది బిడ్డ చేతిలో ఉంటుంది. ఉగ్గుగిన్నెలో అది పోసేవారి చేతిలో ఉంటుంది. మెలకువగా ఉన్న బిడ్డకు గిన్నె, చెంచా సీసాకంటే మేలు, ఎందుకంటే శుభ్రం చేయడం తేలిక. నిద్రలో ఉన్న బిడ్డకు మాత్రం గిన్నెతో, చెంచాతో, డ్రాపర్‌తో ఎన్నడూ పోయరాదు. సీసాను దిండుకు ఆనించి నోట్లో పెట్టి వదిలివేయడం కూడా అంతే ప్రమాదం. పాలు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చును, చెవిలో చీము పట్టవచ్చును, పళ్లు వచ్చాక అవి పుచ్చిపోతాయి. అందువల్ల నా ఉద్దేశంలో మన పరిస్థితుల్లో నిద్రలో పాలివ్వడమనేది తల్లి రొమ్ముకు మాత్రమే చెందిన పద్ధతి. తల్లి ఇంట్లో లేకపోతే బిడ్డను లేవనిచ్చి, పూర్తిగా మెలకువ వచ్చాక గిన్నెతో పట్టండి. మరి తండ్రి ఏం చేయాలంటారా? పదిన్నరకు బిడ్డను ఎత్తుకొచ్చి, పడుకుని ఉన్న తల్లి దగ్గరకు చేర్చవచ్చును. తాగాక భుజాన వేసుకుని త్రేన్పు తెప్పించి, పడుకోబెట్టవచ్చును. మూడింటికి బిడ్డ లేస్తే గుడ్డలు మార్చవచ్చును. తల్లి లేవకుండా జరగగలిగిన పని ఇందులో సగం పైనే ఉంది.

నెలలు నిండకుండా పుట్టినవారు, బరువు తక్కువగా ఉన్నవారు, అంగిలి చీలినవారు, పాలు తాగిన ప్రతిసారీ కక్కేవారు, జ్వరం, జలుబు ఉన్నవారు — వీరి విషయంలో మీ వైద్యుని అడగకుండా ఈ పద్ధతి జోలికి పోకండి. పుట్టిన మొదటి వారాల బిడ్డ సంగతి మరీ వేరు. ఆ వయసులో బిడ్డ మూడు నాలుగు గంటలు దాటి పడుకుంటే బుద్ధిమంతురాలని మురిసిపోక, పుట్టినప్పటి బరువు తిరిగి వచ్చేదాకా పూర్తిగా లేపి పాలివ్వాలి.

రాత్రి నిద్ర కోసం మన ఇళ్లలో బిడ్డ నోట్లో పోసేవి పాలతోనే ఆగవు. తల్లిపాలు చాలవని చెప్పి పడుకునే ముందు ఒక సీసా డబ్బాపాలు, అందులో చెంచాడు పిండి, కొన్నిచోట్ల జలుబు సిరప్. ఆరు నెలల లోపు తల్లిపాలు తప్ప ఏదీ అక్కర్లేదు. రాత్రి ఒక సీసా డబ్బాపాలు మొదలుపెడితే రొమ్ములో పాలు ఆ మేరకు తగ్గుతాయి, ఎందుకంటే పాల ఉత్పత్తికి కారణమైన ప్రొలాక్టిన్ రాత్రివేళే ఎక్కువగా ఉంటుంది, బిడ్డ చప్పరింపే దానికి ప్రేరణ. డబ్బాపాల ప్రకటనలను మన దేశం 1992 చట్టంతోనే నిషేధించింది. అయినా ‘కడుపు నిండి పడుకుంటాడు’ అనే ప్రకటనను ఏ ఖర్చూ లేకుండా చుట్టాలే చేసిపెడుతున్నారు. జలుబు సిరప్‌ల విషయమైతే క్షమించరానిది. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన మందును నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడరాదని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులో స్పష్టంగా ఆదేశించింది. మగత వస్తుంది కదా అని దానిని నిద్రమందుగా వాడడం బిడ్డ ప్రాణంతో చెలగాటం.

ఇది కొత్త కథ కాదు. వందేళ్ల కిందట బొంబాయి నూలు మిల్లుల్లో పనిచేసే తల్లులు, పనికి పోయే ముందు పసిబిడ్డలకు నల్లమందు గోలీ వేసి పడుకోబెట్టేవారు. ఆ నాటి నివేదికల్లో ఇది నమోదైంది. వారు బిడ్డమీద ప్రేమ లేక చేయలేదు. మిల్లు కూత బిడ్డ కోసం ఆగదు.

ఆ మాటే ఇప్పుడు ఫిలింనగర్‌లో చెప్పవలసి వస్తున్నది. 2025లో దీపికా పదుకొణె రోజుకు ఎనిమిది గంటల పని కోరారని వార్తలు వచ్చినప్పుడు తెలుగు చిత్రసీమలో పెద్ద వాదోపవాదమే జరిగింది. అప్పటికి ఆమె బిడ్డకు ఏడాది నిండలేదు. ఆ ఒప్పందాల లోగుట్టు నాకు తెలియదు, అక్కర్లేదు కూడా. అయితే అంత పెద్ద తార అడిగినా అంత చర్చ జరిగిందంటే, రోజుకూలికి వచ్చే సహాయకురాలు నోరు తెరిచి ఏమడగగలదు? పాలిచ్చే తల్లికి బిడ్డకు పదిహేను నెలలు నిండేవరకు రోజుకు రెండు విరామాలు ఇవ్వాలని 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టమే చెప్పింది. సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఆ నియమం ఉంది. 2017 సవరణతో వేతనంతో కూడిన సెలవు 26 వారాలకు పెరిగింది. కానీ ఆ సెలవుకు ఒకే సంస్థలో ఏడాదిలో 80 రోజులు పనిచేసి ఉండాలి. ఈ వారం ఒక సినిమా, వచ్చే వారం మరొక సినిమా చేసేవారికి ఆ 80 రోజులు ఎక్కడ పూర్తవుతాయి? పెద్ద తారకు క్యారవాన్ ఉంటుంది, తలుపు వేసుకుని బిడ్డకు పాలివ్వవచ్చును. జూనియర్ ఆర్టిస్టుకు చీర చాటే గతి.

పదిన్నర పాలతో ఈ సమస్య తీరదు. బిడ్డ నిద్రను రెండు గంటలు జరపవచ్చును, అంతకంటే జరగదు. నాలుగింటికి లేవవలసిన తల్లి పదిన్నర దాకా మేల్కొని ఆ పాలివ్వడమే ఒక భారం. ఆమెకు ఏడు గంటల నిద్ర కావాలంటే తొమ్మిదింటికే పడుకోవాలి, లేదా కాల్‌షీటు తొమ్మిదింటికి మారాలి. నిర్మాతలకు, ప్రొడక్షన్ మేనేజర్లకు నేను చేయగల విన్నపం ఒక్కటే. మీ యూనిట్‌లో ఏడాది లోపు బిడ్డ ఉన్న తల్లులెవరో ఒక కాగితం మీద రాసుకోండి. పెద్ద యూనిట్‌లో కూడా వారు వేళ్ల మీద లెక్కించేంతమందే ఉంటారు. వారికి తొలి జాము కాల్‌షీటు వేయకుండా చూడండి. ఒక చిన్న గది, ఒక కుర్చీ, ఒక తలుపు ఏర్పాటు చేయండి. సెట్ మీద వర్షం కురిపించగలిగినవారికి ఇది పెద్ద పని కాదు.

ఆరు నెలలు దాటి, ఘనాహారం మొదలై, బరువు చక్కగా పెరుగుతుంటే పదిన్నర పాలను ఆపవచ్చును. ఒక్కసారిగా కాక, ఇచ్చే సమయాన్ని రెండు రోజులకొకసారి రెండేసి నిమిషాలు తగ్గించుకుంటూ పోండి. బిడ్డ వెతుక్కుంటే కొన్నాళ్లు కొనసాగించండి, నష్టమేమీ లేదు. బిడ్డే నోరు తెరవడం మానేస్తే అదే ఆపవలసిన సమయం.

కృష్ణానగర్ తల్లి మళ్లీ రెండు నెలలకు వచ్చింది, టీకా కోసం. ఆమె పైన పనిచేసే హెయిర్‌డ్రెస్సరమ్మ ఎవరితోనో మాట్లాడి తొమ్మిది గంటల కాల్‌షీటు ఇప్పించిందట. ఉగ్గుగిన్నె ఇప్పుడు పగలు మాత్రమే వాడుతున్నారు. పదిన్నరకు భర్త పాపను ఎత్తుకొచ్చి పక్కలో వేస్తున్నాడు. పాప బరువు బాగా పెరిగింది. రాత్రి మూడింటికి మాత్రం లేస్తూనే ఉందట.